సంక్రాంతి వారమున మంచు, తెరువు ప్రయాణము



మన భాషలో మంచు అను మాట ఒక్కటి. అది తెలుపు వస్తువులు నాలుగు. తెల్లవాఱుజామున గడ్డిపోచ కొనను నిలుచు బొట్టు మంచు. చెఱువు నీటిపైనుండి లేచి ఊరిని కప్పివేయు తెల్లని తెఱ మంచు. హిమాలయములపై దూదివలె రాలి మోకాలిలోతున పేరుకొనునదియు మంచే. చేపల బుట్టలలో నింపు గడ్డకట్టిన నీరును మంచుగడ్డయే. పండితులు తుషారమనియు, నీహారమనియు, హిమమనియు వేఱు వేఱు పేళ్లు పెట్టిరి గాని, ఇంటిలో మనము వాడుకొను మాట ఒక్కటే. అందువలన "రేపు మంచు అధికముగా నుండును" అని వార్తలలో వినబడినపుడు, కాశ్మీరమునకు పోవనున్న మనుమడు ఒక విధముగను, అరుగుపై కూర్చున్న తాతగారు వేఱొక విధముగను గ్రహింతురు. నేనీదినమున ముఖ్యముగా చెప్పదలచినది రెండవ మంచును గుఱించి. అనగా పొగమంచు. మూడవదానిని గుఱించియు చివర కొంత మనవి చేసెదను.

దీనిని ఇప్పుడు ప్రస్తావించుటకు కారణము సంక్రాంతి. పూర్వపు ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలు మెట్టసీమలు. వానపై ఆధారపడిన బ్రదుకు. కావున ఈ ప్రాంతపు పిల్లలు అనేకులు హైదరాబాదు, బెంగుళూరు, చెన్నపట్టణములు చేరి ఉద్యోగములు చేసికొనుచున్నారు. పండుగకు ముందు వారు పగలెల్ల కచేరీలో పని ముగించుకొని, రాత్రి భోజనము చేసి, తొమ్మిది పది గంటలకు కారెక్కుదురు. తెల్లవాఱకమునుపే, భోగిమంట వేళకు, ఇల్లు చేరవలెనని వారి కోరిక. మీ కోరికయు నదియే. ఈ లెక్కలో ఒక చిక్కున్నది. రాత్రియంతయు కన్ను మూయక బండి నడపినవాడు, చివరి ముప్పది నలువది మైళ్లు, తన యూరి సన్నని దారిని, నిద్ర మిక్కిలి బరువుగా పైబడు మూడు గంటలకును ఆఱు గంటలకును నడుమ ప్రవేశించును. పొగమంచు మిక్కిలి దట్టముగా నుండు వేళయు సరిగా అదియే. ఇంతకంటె చెడ్డ ముహూర్తము పంచాంగములో వెదకినను దొరకదు.

ముందుగా ఒక ప్రశ్నకు సమాధానము చెప్పి సాగెదను. "మన ఉదయగిరి దుర్గము అంత యెత్తు గదా, దానిపై హిమము ఎన్నడును కురియదా?" అని పలువురు అడుగుచుందురు. దుర్గమున్న కొండ సముద్రమట్టమునకు 3,000 అడుగులకు పైబడి యున్నది. గాలిలో పైకి పోయినకొలది చలి హెచ్చును. కిలోమీటరు ఎత్తునకు ఇంచుమించు ఆఱున్నర డిగ్రీలు తగ్గునని సామాన్యపు లెక్క. పుష్యమాసమున కొండ క్రింద తెల్లవాఱుజామున ఇరువది డిగ్రీలకు అటునిటుగా నున్నచో, కొండపై పదునాలుగు ఉండును. హిమము కురియుటకు సున్న డిగ్రీలు కావలెను. మన ఆకాశములో ఆ సున్న డిగ్రీల మట్టము శీతకాలమున సైతము నాలుగు కిలోమీటర్లకు పైననే యుండును. దక్షిణదేశమున మిక్కిలి ఎత్తైన ఆనముడి శిఖరమే 2,695 మీటర్లు. కావున ఉదయగిరి మాట యటుండ, నీలగిరులయందును హిమపాతము లేదు. అక్కడ ఉదకమండలమున డిసెంబరు, జనవరి మాసములలో కొన్ని రాత్రులు గడ్డిపైనున్న తేమ గడ్డకట్టి తెల్లబడును, అంతియే. శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి ఉదయగిరిని 1514లో గైకొనెను. ఆ ముట్టడి ఏడాదికి పైగా సాగినది గనుక ఆయన సైన్యము ఇక్కడ శీతకాలమును గడపియే యుండును. వారును చూచినది మనము చూచు ఈ పొగమంచునే గాని హిమమును గాదు.

పొగమంచు ఎట్లు పుట్టును? ఎండకాలమున కుండలోని నీరు ఇత్తడి చెంబులో పోసి అరుగుపై నుంచితిమేని, కొంతసేపటికి చెంబు వెలుపల చెమర్చును. ఆ నీరు చెంబులోనుండి ఊఱినది కాదు. చుట్టునున్న గాలిలో కంటికి కనబడక దాగియున్న నీటియావిరి చల్లని లోహమును తాకి నీరైనది. గాలి వెచ్చగా నున్నపుడు ఎక్కువ ఆవిరిని మోయగలదు. చల్లబడినకొలది మోయలేక దింపివేయును. ముప్పది డిగ్రీల వేడిమిగల ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని భరించును. ఇరువది డిగ్రీలకు దిగినచో 17 గ్రాములకు మించి భరింపలేదు. మిగిలినది ఎక్కడికి పోవును? గడ్డిపైనను, పూరియింటిపైనను బొట్లుగా నిలిచినచో మనమెఱిగిన మంచుబొట్టు. గాలిలోనే దుమ్ము, పొగ, ఉప్పు అణువులను పట్టుకొని సన్నని తుంపరలుగా తేలినచో పొగమంచు. ఈ తుంపర ఒక్కొక్కటి మిల్లీమీటరులో నూఱవపాలో ఏబదవపాలో ఉండును. చిత్రమేమనగా, ఘనమీటరు పొగమంచులో ఉండు నీరు సాధారణముగా అరగ్రామునకు మించదు. మన దారిని మూయుటకు అంత స్వల్పమైన నీరు చాలును. "మంచు కురిసినది" అని వాడుకగా అందుము గాని, ఈ మంచు పైనుండి కురియదు. ఉన్నచోటనే పుట్టును.

ఇది పుట్టుటకు నాలుగు వస్తువులు కూడి రావలెను. నేలలో తడి యుండవలెను. ఆకాశము నిర్మలముగా నుండి, పగటి వేడి పైకి ఎగిరిపోవలెను. మబ్బు దుప్పటివంటిది, అది కప్పియున్న రాత్రి నేల అంతగా చల్లబడదు. గాలి ఇంచుమించు నిలిచిపోవలెను. రాత్రి దీర్ఘముగా నుండవలెను. పుష్యమాసమున పూసగ్రుచ్చ ప్రొద్దుండదని మన ముసలమ్మలందురు; మన అక్షాంశమున డిసెంబరు చివర రాత్రి పన్నెండుముప్పావు గంటలుండును. తక్కిన మూడింటిలో తడిని గుఱించి ఒక మాట చెప్పవలెను. ఈ జిల్లాకు వర్షములో ప్రధానభాగము అక్టోబరునుండి డిసెంబరు వఱకు వీచు ఈశాన్యపు గాలులవలన వచ్చును. ఆ వర్షము వెనుదిరిగిన వెంటనే చెఱువులు నిండియుండగా, నేల పదునుగా నుండగా, మబ్బులు తొలగి సంక్రాంతి వచ్చును. అనగా పండుగ తేదీయే పొగమంచునకు తగిన వేళలో పడినది. ఈశాన్యము బాగుగా కురిసిన యేడు పంటకు మంచిది. తెల్లవాఱుజామున దారికి మాత్రము చెడ్డది. మీలో మామిడితోపులున్నవారు ఈ వారములలో మంచును చూచి పూతకు బూజు పట్టునని వెఱతురు గదా. ఆ వెఱపులో సగమైనను దారిలోనున్న బిడ్డలకై ఉండవలెను.

మంచు అంతట సమముగా పఱచుకొనదు. చల్లని గాలి బరువైనది గనుక నీటివలె పల్లమునకు పాఱును. వెలిగొండల వాలునుండి దిగిన చలిగాలి వాగులలో, చెఱువు వెనుకటి పల్లములలో, వంతెనల మొదళ్లయందు నిలుచును. కొన్నియేండ్ల క్రిందట పుష్యమాసములో ఒకనాడు నేను వేకువనే ఉదయగిరి కొండ కొంతవఱకు ఎక్కియుంటిని. పైన ఆకాశము కడిగినట్లున్నది. క్రింద ఊరు లేదు, పొలములు లేవు. తెల్లని కడలి. అందులోనుండి రెండు మూడు తాటితలలు, ఒక గోపురము మాత్రము పైకి తేలియుండెను. క్రిందినుండి ఒక లారీ కూత పలుమాఱు వినవచ్చెను గాని, బండి కనబడలేదు. ఎనిమిదిన్నర గంటలకు ఎవరో దుప్పటి లాగినట్లు అంతయు తొలగిపోయినది. ఇది పల్లపు మంచు. దీనికి విపరీతమైనది మఱియొకటి కలదు. తూర్పున సముద్రముమీదినుండి తేమగాలి వీచి కొండవాలును ఎక్కినపుడు పైననే చల్లబడి మబ్బుగా మాఱును. క్రిందివారికి అది కొండకు చుట్టిన తలపాగావలె కనబడును; ఆ మబ్బులో చిక్కినవానికి అది పొగమంచే. ఆత్మకూరునుండి మఱ్ఱిపాడు మీదుగా బద్వేలు పోవు దారి వెలిగొండలను దాటునపుడు కొన్ని దినములందు ఇట్టిది తారసిల్లును. పల్లపు మంచునకు గాలి శత్రువు. కొండ మబ్బునకు గాలియే పోషకుడు. కావున "గాలి వీచుచున్నది, మంచుండదులే" అను మాట పెన్నగట్టున నిజము, కనుమదారిలో నిజము కాకపోవచ్చును.

ఆత్మకూరు వైపున పెన్న, బొగ్గేరు, సోమశిల జలాశయము, అనంతసాగరము చెఱువు మొదలగు జలములు దగ్గఱ దగ్గఱగా నున్నవి. ఉదయగిరి వైపున నీరు తక్కువ, గుట్టలెక్కువ. కావున ఒకే రాత్రి ఒకే జిల్లాలో ఆత్మకూరు దారి మూతపడి, ఉదయగిరి దారి తెఱచియుండవచ్చును. మఱునాడు తాఱుమాఱు కావచ్చును.

ఇక వాతావరణశాఖవారి సూచనల మాట. భారత వాతావరణశాఖ 1875లో ఏర్పడినది. అంతకు ముందు 1864లో కలకత్తానగరమును, మచిలీపట్టణమును ఒకే శరత్తున రెండు గాలివానలు నాశనము చేయుటయు, పిమ్మట కఱవులును దాని పుట్టుకకు ప్రేరకములు. నేడు చెన్నపట్టణము, విశాఖపట్టణము మొదలగు తావులనుండి ఉదయము అయిదున్నరకు, సాయంకాలము అయిదున్నరకు యంత్రములు కట్టిన బూరలను ఆకాశమునకు వదలుదురు. అవి పైపొరలలోని వేడిమిని, తేమను, గాలిని కొలిచి రేడియో ద్వారా తెలుపును. మన తూర్పుతీరపు శ్రీహరికోటనుండి 2016లో ఒకటి, 2024 ఫిబ్రవరిలో మఱియొకటి, వాతావరణమును చూచు ఉపగ్రహములు ఎగసినవి. ఈ కొలతలన్నియు గణకయంత్రములలో పోసి, రేపటి యాకాశమును లెక్కగట్టుదురు. తుపానుల విషయమున ఈ లెక్క చాల నమ్మదగినదైనది. 2023 డిసెంబరు 5న బాపట్ల చేరువ తీరము దాటిన మిచౌంగ్ తుపానును ముందుగనే చెప్పి, తీరవాసులను వేలకొలది తరలించిరి.

పొగమంచు అట్లు కాదు. తుపాను వందల మైళ్ల శరీరము గలది. పొగమంచు తాటిచెట్టంత ఎత్తు లేకుండవచ్చును, ఒక చెఱువంత వెడల్పు మాత్రమే యుండవచ్చును. వానను కనిపెట్టు రాడారునకు ఇంతటి సన్నని తుంపరలు అగపడవు. అందుచేత సూచనలో "ఒకటి రెండు చోట్ల పొగమంచు" అని వచ్చును. దీనిని విని నవ్వువారు కలరు. "ఎక్కడనో చెప్పలేనివాడు సూచన ఎందులకు చెప్పవలెను?" అందురు. ఆ మాటకు అర్థము నిర్ణయించియున్నారు. పరిశీలన జరుపు తావులలో పాతికవంతునకు మించనిచోట్ల కలుగునని దాని భావము. చూపు వేయి మీటర్లకు తగ్గినపుడే పొగమంచని వారి శాస్త్రము. రెండువందల మీటర్లకు తగ్గినచో దట్టము. ఏబది మీటర్లకు తగ్గినచో అతిదట్టము. పచ్చ, పసుపు, నారింజ, ఎఱుపు అను నాలుగు రంగులతో హెచ్చరికలు వెలువరింతురు. పచ్చ యనగా భయము లేదు, పసుపు కనిపెట్టియుండుడని, నారింజ సిద్ధపడుడని, ఎఱుపు వెంటనే పూనుకొనుడని. సూచన జిల్లాకు చెప్పబడును. మీ యూరి వాగువంతెనకు చెప్పబడదు. ఆ మిగిలిన భాగమును పూరింపగలవారు మీరే. దీనిని నేను మర్యాదకై చెప్పుటలేదు.

మీ యరుగునుండి చేయదగిన పరిశీలన యెట్టిదో వినుడు. సాయంకాలము దీపాలవేళ వంటయిండ్ల పొగను చూడుడు. పొగ తిన్నగా పైకి పోవుచున్నచో గాలి పొరలు కలియుచున్నవి. ఇంటికప్పు దాటి కొంచెము లేచి, అక్కడనే పందిరివలె అడ్డముగా పఱచుకొన్నచో, నేలవద్ద చల్లని గాలి, పైన వెచ్చని గాలి మూతవలె నిలిచినవని అర్థము. ఆ రాత్రి మంచు పట్టుటకు మిక్కిలి తగినది. ఎనిమిది గంటలకే సైకిలు సీటు, తులసికోట రాయి తడియైనచో రెండవ గుర్తు. వాన వెలిసి రెండు మూడు దినములే యగుట మూడవది. చుక్కలు స్పష్టముగా మెఱయుచు, ఆకు కదలక యుండుట నాలుగవది. ఈ నాలుగును ఒకే రాత్రి కూడినచో, కచేరివారి సూచన పసుపు రంగైనను మీరు ఎఱుపుగనే భావింపుడు. ఇందులో మంత్రము లేదు. వారి బూరయు, మీ వంటయింటి పొగయు కొలుచునది ఒక్కటే.

వేకువన ఇంకొక కొలత కలదు. దారివెంట కరెంటు స్తంభములు సాధారణముగా నలువది ఏబది మీటర్ల యెడముతో పాతియుండును. మీ వాకిటనుండి దారివైపు చూచి ఎన్ని స్తంభములు కనబడునో లెక్కింపుడు. నాలుగు కనబడినచో చూపు రెండువందల మీటర్లు. ఒక్కటియే కనబడినచో ఏబది. "మంచు కొంచెముగా నున్నది నాయనా, మెల్లగా రా" అని టెలిఫోనులో చెప్పుటకంటె, "రెండు స్తంభములే కనబడుచున్నవి" అని చెప్పుట వేయిమడుగులు మేలు. ఏలననగా ఆ మాటను వేగముగా మార్చుకొనవచ్చును.

ఎట్లో చూపెదను. అడ్డము కనబడినపిమ్మట మనిషి కాలు బ్రేకుపైకి పోవుటకు ఒకటిన్నర సెకండు పట్టునని కొందము. అలసినవానికి ఇంకను ఎక్కువ. గంటకు అరువది కిలోమీటర్లు పోవు బండి ఆ లోపలనే పాతిక మీటర్లు సాగిపోవును. పిదప మంచుకు తడిసిన దారిపై నిలుచుటకు మఱి ముప్పదియైదు. వెరసి అరువది మీటర్లు. ఎనుబది వేగమున నైనచో తొంబదియైదు. నలువది వేగమున ముప్పదిరెండు. ముప్పది వేగమున ఇరువదియొకటి. ఇప్పుడు మన సన్నని దారిని తలపుడు. ఎదురుగా వచ్చువాడును మనవలెనే కానక వచ్చుచున్నాడు. చూపు ఏబది మీటర్లైనచో, మన పాలికి వచ్చునది పాతిక మీటర్లు మాత్రమే. కావున ఒక్క స్తంభమే కనబడు వేళ ముప్పదికి మించి పోరాదు. ఆ ఒక్కటియు కనబడనిచో పోనేరాదు. పూర్వము ఎడ్లబండి గంటకు రెండు మూడు మైళ్లు నడచెడిది. ఎడ్లు మనకంటె ముందు దారి నెఱుగును. ఆ దినములలో మంచువలన బండి ఆలస్యమయ్యెడిదే గాని ప్రాణము పోయెడిది కాదు. మంచు నాడును నేడును ఒక్కటే. మన వేగము మాఱినది.

బండి నడుపువారికి కొన్ని సంగతులు. పెద్ద దీపము వేసినచో వెలుగు తుంపరలపై పడి మరల కంటిలోనికే వచ్చును. ఎదుట తెల్లగోడ కట్టినట్లగును. దీపమును క్రిందికి దించి నడుపవలెను. లోపలి అద్దము చెమర్చినచో చేతిరుమాలుతో తుడుచుచు నడుపుట ప్రమాదము. కారులోని చల్లనిగాలి యంత్రమును అద్దమువైపు త్రిప్పినచో తేమ తొలగును. ముందుపోవు లారీ వెనుకదీపమును పట్టుకొని దాని వెంట పోవుట చాలమందికి అలవాటు. ఇది గ్రుడ్డివాని వెంట గ్రుడ్డివాడు పోవుటయే. లారీ తప్పినచోట మనమును తప్పుదుము. ఆగవలసివచ్చినచో దారిపై ఆగరాదు. దారి దిగి, వీలైనచో పెట్రోలు బంకులోనో, టీ కొట్టు ముందటనో నిలిపి, దీపములను మినుకుమనునట్లుంచవలెను. పామూరు మీదుగా ఉదయగిరి వచ్చువారైనను, కడప, బద్వేలు మీదుగా ఆత్మకూరు వచ్చువారైనను, మంచు పట్టినచో పామూరులోనో బద్వేలులోనో బండి నాపి, సీటు వాల్చి నిద్రించి, ఎనిమిది దాటిన పిమ్మట బయలుదేరుట ఉత్తమము. పల్లపు మంచు సూర్యుడు లేచిన రెండు గంటలలో సామాన్యముగా కరగిపోవును. రెండు గంటలు వేచినచో తీఱిపోవు అపాయము లోకములో ఎన్ని గలవు?

ఊరిలోనున్నవారు చేయవలసినదియు కలదు. ట్రాక్టరు తొట్లను దీపము లేక దారియంచున విడిచిపెట్టుట మన ప్రాంతపు దురలవాటు. వెనుక మెఱయు కాగితపు పట్టీ అతికించుటకు అయ్యెడి వ్యయము బహు స్వల్పము. గొఱ్ఱెలమందలను తెల్లవాఱకమునుపే దారిపై తోలుకొనిపోకుండ కాపరులకు చెప్పవలెను. భోగిమంట సంగతి చెప్పినచో మీకు కోపము రావచ్చును గాని చెప్పక తప్పదు. పొగ అణువులే పొగమంచునకు విత్తనములు. పాతచీపుళ్లు, పిడకలు కాల్చిన కాలము పోయి, పాత టైర్లు, ప్లాస్టిక్కు సంచులు మంటలో పడవేయుట ఇప్పుడు కొన్నిచోట్ల మర్యాదయైనది. 2018 జనవరిలో భోగినాటి వేకువన చెన్నపట్టణమున ఈ పొగయు మంచును కలిసి విమానములే దిగలేకపోయినవి. దారి ప్రక్కన, అదియు మలుపులో, మంట వేయకుండ చూచుట పెద్దల చేతిలోని పని. ఊరిలో ఆ మాట చెప్పుటకు మీకున్న అధికారము పోలీసువారికిని లేదు.

ఇప్పుడు నిజమైన హిమము మాట. క్రిస్మసునుండి సంక్రాంతి వఱకు మన పిల్లలు మనాలి, సిమ్లా, కాశ్మీరములకు మంచు చూచుటకై పోవుచున్నారు. అక్కడి హిమము పడమటినుండి, మధ్యధరాసముద్రపు దిక్కునుండి, వచ్చు వాయుగుండములవలన కలుగును. అవి అంత దూరము నడచి రావలెను గనుక నాలుగైదు దినములు ముందుగనే పసిగట్టవచ్చును. పొగమంచుకంటె ఈ విషయమున సూచన గట్టిది. అయినను 2024 డిసెంబరులో, పండుగ సెలవుల దినములలోనే, మనాలికి పైనున్న అటల్ సొరంగము వద్ద ఇంచుమించు వేయి బండ్లు హిమములో చిక్కుకొనెను. పోలీసువారు రాత్రియెల్ల శ్రమించి జనులను దింపిరి. 2022 జనవరిలో పాకిస్తానమందలి ముర్రీ కొండలపై ఇంతకంటె ఘోరము జరిగినది. హిమము పడునని ముందే చెప్పియుండిరి. సెలవులలో వేలకొలది బండ్లు ఎక్కినవి. దారి మూసికొనిపోగా కార్లలోనే రాత్రి గడపినవారిలో ఇరువదిమందికి పైగా మరణించిరి. ఏమి జరుగుననగా, చలికి తాళలేక అద్దములు బిగించుకొని ఇంజను నడుపుదురు. హిమము వెనుక పొగగొట్టమును పూడ్చివేయును. విషవాయువు లోపలికి వచ్చును. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రవలె వచ్చి ప్రాణము గొనిపోవును. అట్లు చిక్కినవాడు మాటిమాటికి దిగి పొగగొట్టము చుట్టునున్న హిమమును తొలగింపవలెను. ఇంజను గంటకు కొన్ని నిమిషములు మాత్రమే నడిపి, ఒక అద్దమును వ్రేలెడైనను దించియుంచవలెను.

అమెరికాలోనున్న మన బిడ్డలకు ఇది ఏటేట వచ్చు అనుభవము. అక్కడివారి హెచ్చరికలలో రెండు మెట్లున్నవి. మొదటిది "కలుగవచ్చును, కనిపెట్టియుండుడు" అని. రెండవది "కలుగుచున్నది, కదలకుడు" అని. 2022 క్రిస్మసు వారమున బఫెలో నగర ప్రాంతమును కప్పిన హిమపు తుపానులో నలువదిమందికి పైగా చనిపోయిరి. వారిలో కొందఱు దారిలో నిలిచిన కార్లలోనే కడతేరిరి. అదే వారమున, డిసెంబరు 26న, అరిజోనా రాష్ట్రమున గడ్డకట్టిన కొండచెఱువుపై నడచిన మన తెలుగువారు ముగ్గురు పై పొర విఱిగి నీటిపాలైరి. మన చెఱువులు గడ్డకట్టవు గనుక, గడ్డకట్టిన నీటిని నేలగా భావించుట మనవారికి సులభము. గడ్డ దళసరిగా నున్నదో లేదో చూచి చెప్పగలవాడు ఆ యూరివాడు మాత్రమే. దారిపై పఱచుకొన్న సన్నని గడ్డ నల్లని తారువలెనే యుండి కనబడదు. దానిపై బండి నిలుచుటకు పట్టు దూరము పొడిదారికంటె పదిరెట్లు వఱకు కావచ్చును. నేను పైన చెప్పిన స్తంభముల లెక్క అక్కడ పనికిరాదు.

మన తావునకు తిరిగి వచ్చెదను. భోగికి ముందటి రాత్రి మీ యింటికి టెలిఫోను వచ్చును. "బయలుదేఱుచున్నాము" అని పిల్లలందురు. అప్పుడు అడుగవలసినవి మూడు ప్రశ్నలే. పగలు ఎన్ని గంటలు నిద్రించితివి? బండిలో నడుప నేర్చినవాడు ఇంకొకడున్నాడా? వేకువ నాలుగు గంటలకు నీవు ఏ యూరిలో నుందువు? మూడవదానికి వచ్చిన సమాధానము బద్వేలుకో పామూరుకో ఇవతలిదైనచో, "ఉదయము అయిదింటికి బయలుదేరుము, మధ్యాహ్నము భోజనమునకు కనిపెట్టుకొనియుందుము" అని చెప్పుడు. భోగిమంట చిన్నపిల్లలు వేయుదురు. అరిసెలు సాయంకాలమునకు చల్లాఱినను చెడవు.